ఆయుధ పరిశోధన వద్దనేవాళ్లు సైన్సుకు శత్రువులా? కొన్ని అపోహలు, వాస్తవాలు

ఏటా ఆగస్టు 6న, హిరోషిమా దినం సందర్భంగా, విజయవాడ, గుంటూరు కళాశాలల్లో మాట్లాడటానికి వెళుతుంటాను. చాలా ఏళ్లు భౌతికశాస్త్రం బోధించాను, ఇప్పుడు శాంతి ఉద్యమంలో పనిచేస్తున్నాను. ప్రసంగం అయ్యాక పిల్లలు అడిగేది హిరోషిమా గురించి కాదు. విదేశాల్లో ఎం.ఎస్. చదివే అన్నయ్య ఫోనులో చెప్పిన సంగతి గురించి: "మాస్టారూ, అక్కడ విద్యార్థులు ఆయుధ పరిశోధన వద్దంటూ తమ యూనివర్సిటీ ముందే ధర్నా చేస్తున్నారట, ఎందుకు?" ఆ ప్రశ్నతో పాటు వచ్చే అపోహలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: వీళ్లు సైన్సుకు వ్యతిరేకులు.

వాస్తవం: ఈ ఉద్యమంలో ముందు నిలిచింది శాస్త్రవేత్తలే. అమెరికాలోని లాస్ అలమోస్‌లో అణుబాంబు పనిలో ఉన్న జోసెఫ్ రోట్‌బ్లాట్, జర్మనీ దగ్గర బాంబు లేదని తెలిశాక 1944 చివరలో ఆ పని వదిలేశారు. 1995లో ఆయనకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. 1969 మార్చి 4న అమెరికాలోని ఎంఐటీ అనే సాంకేతిక విశ్వవిద్యాలయంలో అధ్యాపకులు, విద్యార్థులు ఒక రోజు ప్రయోగశాల పని ఆపి, తమ పరిశోధన ఎక్కడికి పోతోందని చర్చించుకున్నారు. సైన్సు మీద ప్రేమ లేనివాళ్లకు ఆ బాధ ఎందుకు కలుగుతుంది?

అపోహ: సైన్యం డబ్బు లేకపోతే ఇంటర్నెట్టే లేదు.

వాస్తవం: ఇందులో నిజం ఉంది. 1969లో మొదలై ఇంటర్నెట్టుకు మూలమైన ఆర్పానెట్‌కు నిధులు అమెరికా రక్షణ శాఖవే. అయితే ఆ పని దాచిపెట్టి చేయలేదు. దాని నియమావళి పత్రాలు ఒక విశ్వవిద్యాలయం నుంచి మరో విశ్వవిద్యాలయానికి బహిరంగంగా తిరిగాయి, ఎవరైనా చదివారు, తప్పులు దిద్దారు. లోకానికి మేలు జరిగింది అందువల్లే. కాబట్టి డబ్బు ఎవరిదన్న దానితోనే మా ప్రశ్న ఆగదు. ఫలితాన్ని ప్రచురించవచ్చా? విద్యార్థి తన సిద్ధాంత గ్రంథాన్ని నలుగురి ముందు పెట్టవచ్చా? ఒప్పందాన్ని ఎవరు చూశారు?

ఒకసారి గుంటూరులో ఒక అమ్మాయి సభ అయ్యాక ఆగి అడిగింది. విదేశంలో పీహెచ్‌డీ సీటు వచ్చింది, ఆ ప్రయోగశాలకు రక్షణ శాఖ నిధులు వస్తాయి, చేరాలా వద్దా అని. ఇంటి పరిస్థితి, అప్పు, ఇన్నేళ్ల కష్టం అన్నీ ఆ ప్రశ్నలో ఉన్నాయి. వద్దని చెప్పే హక్కు నాకు లేదు. పైన రాసిన మూడు ప్రశ్నలూ ప్రొఫెసరుకు రాయమన్నాను. ఆ అమ్మాయి రాసింది, ప్రొఫెసరు ఓపికగా జవాబిచ్చారు, తెలిసే చేరింది. తెలియకుండా చేరడమే నన్ను భయపెడుతుంది.

అపోహ: ఇది సైన్యానికి వ్యతిరేకం, దేశానికి వ్యతిరేకం.

వాస్తవం: మచిలీపట్నంలో భారత్ ఎలక్ట్రానిక్స్ కర్మాగారం సైన్యానికి చీకట్లో చూసే పరికరాలు తయారుచేస్తుంది. దాని గేటు ముందు నేనెప్పుడూ ప్లకార్డు పట్టుకోలేదు. అది చేసే పని అందరికీ తెలుసు. విశ్వవిద్యాలయం వేరు. అక్కడికి పిల్లల్ని పంపేది ప్రశ్నించడం నేర్చుకోమని. ఇక కొన్ని ఆయుధాలు అసలు ఉండకూడదన్న మాట మన దేశమే సంతకం చేసి చెప్పింది. జీవాయుధాల నిషేధ ఒప్పందంలోనూ, రసాయన ఆయుధాల నిషేధ ఒప్పందంలోనూ భారత్ ఉంది. తన దగ్గరున్న రసాయన ఆయుధాలను 2009 నాటికి పూర్తిగా నాశనం చేసింది.

అపోహ: ప్రయోగశాలలో ఉండేది సూత్రాలే, ఆయుధం కాదు.

వాస్తవం: నాపామ్ అనే, బాంబుల్లో నింపి మంటలు రేపే జిగురు ఇంధనం 1942లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. మూడేళ్లు తిరగకుండానే టోక్యో ఇళ్ల మీద పడింది.

అపోహ: ఈ నిరసనలు చివరికి హింసకే దారితీస్తాయి.

వాస్తవం: దీనికి జవాబు చెప్పడం నాకు కష్టం, కానీ దాటవేయను. 1970 ఆగస్టు 24 తెల్లవారుజామున, అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో సైన్యానికి పనిచేసే గణిత కేంద్రం ఉన్న భవనాన్ని, వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించే నలుగురు యువకులు పేల్చేశారు. లోపల రాబర్ట్ ఫాస్‌నాక్ట్ అనే 33 ఏళ్ల భౌతికశాస్త్రవేత్త చనిపోయారు. ముగ్గురు పిల్లల తండ్రి. ఆ సైనిక కేంద్రంతో ఆయనకు సంబంధమే లేదు. ఆ వేళకు భవనంలో ఎవరూ ఉండరని వాళ్లు అనుకున్నారట. రాత్రంతా ప్రయోగం దగ్గర కూర్చునే మనిషి ఎలా ఉంటాడో నాకు తెలుసు, నా మిత్రులు అలాంటివాళ్లే. శాంతి పేరు చెప్పి చేసిన ఆ హత్యను మా కొత్త కార్యకర్తలకు మొదటి రోజే చెబుతాను. విజయవాడ ధర్నా చౌక్‌లో కూర్చునే ముందు పోలీసుల అనుమతి తీసుకుంటాం, ఒక్క గాజు పలక కూడా పగలకూడదని మాట తీసుకుంటాం.

అపోహ: ధర్నాల వల్ల ఒరిగిందేమీ లేదు.

వాస్తవం: కొన్నిసార్లు సగమే ఒరిగింది. ఎంఐటీ తన క్షిపణి మార్గనిర్దేశ ప్రయోగశాలను 1973లో వేరుచేసింది, కానీ ఆ పని బయట కొనసాగింది. 2018లో దక్షిణ కొరియాలోని కైస్ట్ విశ్వవిద్యాలయం ఒక ఆయుధ కంపెనీతో కలిసి కృత్రిమ మేధ కేంద్రం తెరిస్తే, వివిధ దేశాల పరిశోధకులు 50 మందికి పైగా ఆ సంస్థతో కలిసి పనిచేయబోమని లేఖ రాశారు. మనిషి అదుపులో లేని ఆయుధాలు చేయబోమని దాని అధ్యక్షుడు మాట ఇచ్చాక బహిష్కరణ ఎత్తేశారు. జర్మనీలోని బ్రేమెన్ విశ్వవిద్యాలయం సైనిక పరిశోధన చేయబోమని 1986లోనే తీర్మానించింది.

అపోహ: మన దగ్గర ఇలాంటి ఒప్పందాల గురించి అడిగినా చెప్పరు.

వాస్తవం: అడగాల్సిన చోట అడగాలి. 2005 నాటి సమాచార హక్కు చట్టంలో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓకు సెక్షన్ 24 కింద మినహాయింపు ఉంది, అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు తప్ప. ప్రభుత్వ విశ్వవిద్యాలయానికి అలాంటి మినహాయింపు లేదు. కాబట్టి దరఖాస్తు విశ్వవిద్యాలయ పౌర సమాచార అధికారికే పెట్టండి. ఆయుధ రహస్యాలు అడగవద్దు. ఒప్పందం తేదీ, మొత్తం, ప్రచురణకు ముందు ఎవరి అనుమతి కావాలన్న షరతు, వీటినే అడగండి. భద్రత కారణం చూపి మొత్తం నిరాకరిస్తే, దాచనక్కర్లేని భాగాన్ని వేరుచేసి ఇమ్మని సెక్షన్ 10ని చూపి, సెక్షన్ 19 కింద అప్పీలు చేయవచ్చు. దరఖాస్తు రుసుము పది రూపాయలు, జవాబివ్వడానికి గడువు 30 రోజులు. రసీదు జాగ్రత్తగా ఉంచుకోండి, అప్పీలు వేసేటప్పుడు కావాలి.