చిన్న విమానాల గురించి అపోహలు - వాస్తవాలు: బేగంపేట నుంచి ఒక ఇన్‌స్ట్రక్టర్ చెప్పే మాటలు

నేను బేగంపేటలో విమానం నడపడం నేర్పుతాను. వానలు తగ్గాక ఈ మధ్య గాలి శుభ్రంగా ఉంటోంది. దాంతో క్లాసులు లేని రోజుల్లో ఒక స్నేహితుడి నాలుగు సీట్ల సెస్నా 172లో మా ఇంటివాళ్లని, తెలిసినవాళ్లని పైకి తీసుకెళ్తున్నాను. దిగాక వాళ్లు ఆపకుండా మాట్లాడుతుంటే నాకు చాలా సంతోషంగా ఉంటుంది, అలాగే ఇంకో మాట కూడా తోస్తుంది: ఇంత దగ్గర్లో ఉన్న ఈ ఆనందానికి మనవాళ్లు దూరంగా ఉండడానికి డబ్బు ఒక్కటే కారణం కాదు, ఆ నోటా ఈ నోటా విన్న మాటలు కూడా. ఎక్కేముందు అందరూ అడిగేవి ఇంచుమించు అవే ప్రశ్నలు. వాటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. భయం పోగొట్టడం కోసం లేనిది చెప్పను, జాగ్రత్తపడాల్సిన చోట అదీ చెప్తాను.

అపోహ: ఇంజన్ ఆగిందంటే విమానం నిట్టనిలువునా కింద పడుతుంది

మా పెద్దనాయినది వికారాబాద్ వైపు ఊరు. బెల్టు పెట్టుకుంటూనే అడిగాడు, "బిడ్డా, మధ్యల ఇంజన్ ఆగిపోతే ఎట్ల?" అని. ఈ ప్రశ్నకి నేను నేల మీద ఉండగానే మొత్తం జవాబు చెప్తాను, పైకి వెళ్లాక చెప్తే ధైర్యం కోసం చెప్తున్నానేమో అనుకుంటారు.

విమానాన్ని గాలిలో నిలిపేది రెక్క. ఆ రెక్క మీద గాలి సరైన వేగంతో పారుతున్నంతసేపు విమానం ఎగురుతూనే ఉంటుంది. ఇంజన్ ఆగితే ముక్కు కాస్త దించి, ఉన్న ఎత్తునే వేగంగా మార్చుకుంటాం, దిగుడులో తొక్కడం ఆపేసినా సైకిల్ సాగిపోతుంది కదా, అలాగన్నమాట. సెస్నా 172 గాలి పెద్దగా లేని రోజున ఒక కిలోమీటరు ఎత్తు నుంచి ఇంచుమించు తొమ్మిది కిలోమీటర్లు సాగుతుంది. ఇలా ఎక్కువ దూరం సాగాలంటే పట్టి ఉంచాల్సిన వేగం 172ఎస్ మోడల్‌కి నిండు బరువు మీద 68 నాట్లు, అంటే గంటకి ఇంచుమించు 126 కిలోమీటర్లు, నా విద్యార్థుల్ని నిద్రలో లేపి అడిగినా ఈ అంకె చెప్పాలి. థ్రాటిల్ పూర్తిగా వెనక్కి లాగేసి, అంటే ఇంజన్ పవర్ తగ్గించేసి, ఇప్పుడు ఎక్కడ దిగుతావో చూపించు అని అడగడం శిక్షణలో మామూలు పాఠం.

ఇంజన్ ఆగే అవకాశాన్ని తగ్గించే ఏర్పాట్లు కూడా ఉన్నాయి. ప్రతి సిలిండర్‌కి రెండు స్పార్క్ ప్లగ్గులు, వాటికి నిప్పురవ్వ ఇవ్వడానికి రెండు వేర్వేరు మ్యాగ్నెటోలు ఉంటాయి. మ్యాగ్నెటోకి కావాల్సిన కరెంటు ఇంజన్ తిరుగుడుతోనే పుడుతుంది, అందుకే బ్యాటరీ మొత్తం చచ్చిపోయినా ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది. టేకాఫ్‌కి ముందు ఒక మ్యాగ్నెటో ఆపి, మళ్లీ ఇంకోటి ఆపి, ఆర్పీఎం ఎంత పడుతుందో చూస్తాం. ఇక రోజు మొదటి ఎగురుడుకి ముందు, పెట్రోలు పోసిన ప్రతిసారీ, ట్యాంకుల అడుగు నుంచి చిన్న గాజు గొట్టంలోకి కొంచెం తీసి వెలుతురులో పట్టి చూస్తాం. ఈ విమానాల పెట్రోలు, అంటే 100ఎల్ఎల్ ఆవ్‌గ్యాస్, నీలంగా ఉంటుంది. నీళ్లు చేరితే బరువుకి కిందకి దిగి విడిగా గీతలా కనిపిస్తాయి. వానాకాలంలో ఈ పనిని నేను ఎవరికీ వదిలిపెట్టను.

ఒక్క మాట మాత్రం నిజం. ఊరి నడిమధ్యన, తక్కువ ఎత్తులో ఇంజన్ ఆగితే దిగడానికి చోటు దొరకడం కష్టం. మన చుట్టుపక్కల గుండ్రాళ్ల గుట్టలు, కరెంటు తీగలు ఎక్కువ. అందుకే పైలట్ కళ్లు ఎప్పుడూ కోత కోసిన మడి ఎక్కడుంది, మైదానం ఎక్కడుంది అని వెతుకుతూనే ఉంటాయి, కబుర్లు చెప్తున్నప్పుడు కూడా.

అపోహ: స్టాల్ అంటే ఇంజన్ ఆగిపోవడం

కాదు. కారు స్టాల్ అవడం వేరు, విమానం స్టాల్ అవడం వేరు. రెక్క గాలిని మరీ ఎక్కువ కోణంలో ఎదుర్కొన్నప్పుడు గాలి దాని పైభాగాన్ని వదిలేస్తుంది, విమానాన్ని పైకి ఎత్తి ఉంచే బలం, అంటే లిఫ్ట్, పడిపోతుంది. ఇంజన్ ఫుల్ పవర్‌లో ఉన్నా ఇది జరగొచ్చు. విరుగుడు: కాలమ్, అంటే చేతిలో పట్టుకునే స్టీరింగ్, ముందుకు వదిలి ముక్కు దించడం. భయంతో మనిషి చెయ్యి వెనక్కి లాగాలని చూస్తుంది, ఆ చేతికి వేరే అలవాటు నేర్పడమే మా పనిలో సగం.

సెస్నాలో నాకు బాగా ఇష్టమైన వస్తువు స్టాల్ హార్న్. ఎడమ రెక్క ముందు అంచున ఒక చిన్న రంధ్రం ఉంటుంది. రెక్క స్టాల్‌కి దగ్గరవుతుంటే అక్కడ గాలి బయటికి లాగబడి లోపల ఊదినట్టు మోగుతుంది. కరెంటుతో పని లేదు. నేల మీద పరీక్షించాలంటే ఆ రంధ్రానికి శుభ్రమైన చేతిరుమాలు అడ్డం పెట్టి నోటితో పీలిస్తే చాలు, మోగుతుంది. కొత్త విద్యార్థులందరి చేతా ఇది చేయిస్తాను, ఆ మోత విన్నప్పుడు వాళ్ల కళ్లలో మెరుపు చూడాలి.

అపోహ: గాలిలో గుంతలు ఉంటాయి, వాటిలో పడితే అంతే

గాలి లేని ఖాళీ చోట్లు ఆకాశంలో ఎక్కడా ఉండవు. పైకి లేచే గాలి, కిందికి దిగే గాలి ఉంటాయి, ఒకదానిలోంచి ఇంకోదానిలోకి వెళ్లినప్పుడు కుదుపు వస్తుంది. ఎండకి గ్రానైట్ బండలు, తారురోడ్లు, కాంక్రీటు తొందరగా వేడెక్కి పైన గాలిని ఎగదోస్తాయి. చెరువు మీదికి రాగానే ఆ ఎగదోపు ఆగుతుంది, విమానం కొంచెం దిగుతుంది. గద్దలు రెక్క ఆడించకుండా గిరికీలు కొడుతున్నాయంటే అక్కడ గాలి లేస్తోందని అర్థం. చూడ్డానికి బాగుంటుంది, కానీ గద్ద ఎదురొస్తే మేమే పక్కకి జరగాలి. సంక్రాంతి రోజుల్లో అయితే గాలిపటాలు కూడా చూసుకోవాలి. విమానాశ్రయం చుట్టుపక్కల ఉండేవాళ్లు పిల్లలకి ఈ ఒక్క సంగతి చెప్తే మాకు పెద్ద సాయం.

కుదుపులు వద్దనుకుంటే పొద్దున్నే రండి. సూర్యుడు వచ్చిన మొదటి గంట రెండు గంటల్లో గాలి కదలకుండా ఉంటుంది, చేతిలో టీ కప్పు ఉన్నా తొణకదు. చలికాలంలో పొగమంచు తేలిపోయే దాకా ఆగాల్సి రావచ్చు, ఆగుదాం. ఎండాకాలం మధ్యాహ్నం మాత్రం నేను సరదాకి ఎవరినీ తీసుకెళ్లను. బేగంపేట సముద్రమట్టానికి సుమారు 1,740 అడుగుల ఎత్తులో ఉంది. మే నెలలో 40 డిగ్రీల ఎండలో గాలి ఎంత పల్చబడుతుందంటే, విమానం ఐదు వేల అడుగులు దాటిన చోట ఉన్నట్టే ప్రవర్తిస్తుంది. పరుగు పొడవవుతుంది, ఎక్కడం మెల్లగా సాగుతుంది. రన్‌వే పొడుగ్గా ఉంది కదా అని దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

అపోహ: పెద్ద విమానం కిటికీలోంచి చూసిందే కదా, ఇందులో కొత్తేముంది

ఇది వింటే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే తేడా అంతా ఇక్కడే ఉంది. పెద్ద విమానం 35 వేల అడుగుల్లో పోతుంది, కింద ఉన్నది ఏ ఊరో కూడా తెలియదు. మేము నేలకి రెండు మూడు వేల అడుగుల పైన, గంటకి రెండు వందల కిలోమీటర్ల చిల్లర వేగంతో వెళ్తాం. బర్రెలు కనిపిస్తాయి. బట్టలు ఆరేసిన దాబాలు కనిపిస్తాయి. రెక్క పైన ఉండడంతో కిందికి చూపుకి అడ్డే ఉండదు, కిటికీ తెరిస్తే గాలి మొహానికి కొడుతుంది. అవును, ఈ విమానంలో కిటికీ తెరవచ్చు.

తూర్పు వైపుకి టేకాఫ్ అయితే కుడిపక్కన హుస్సేన్ సాగర్ మొత్తం ఒక్కసారిగా తెరుచుకుంటుంది, మధ్యలో బుద్ధుడు. పెద్దనాయినతో వెళ్లిన రోజు ఏటీసీ (నేల మీద నుంచి విమానాల రాకపోకల్ని నడిపించే కంట్రోల్) ఇచ్చిన దారిలో తిరిగి పడమటికి వెళ్లాం. గండిపేట దాటి, చేవెళ్ల దారి మర్రిచెట్ల వరుస పట్టుకుని, ఎర్రమట్టి చేలు, పూలతోటలు చూసుకుంటూ అనంతగిరి కొండల దాకా. రోడ్డు మీద ట్రాఫిక్‌లో సగం పూట పోయే దూరం అరగంట కూడా పట్టలేదు. మా ఊరి మీద మెల్లగా ఒక చుట్టు వేశాను. "అగో, మన చెర్వు మత్తడి దుంకుతున్నది!" అని పెద్దనాయిన హెడ్‌సెట్‌లో ఎంత గట్టిగా అరిచాడంటే నేను వాల్యూమ్ తగ్గించాల్సి వచ్చింది. ఆ తర్వాత చేను గట్లు, కొత్తగా పడ్డ ప్లాట్లు, చిన్నప్పుడు ఈత నేర్చుకున్న బావి, అన్నీ నాకే చూపించడం మొదలుపెట్టాడు. డెబ్బై దాటిన మనిషి.

వచ్చేటప్పుడు మూసీ వెంటే వచ్చాం. మూసీ పుట్టేది ఆ అనంతగిరిలోనే. సన్నటి పాయ మెల్లగా వెడల్పవుతూ గండిపేటలో చేరుతుంది, పక్కనే ఈసీ నది వచ్చి హిమాయత్ సాగర్‌లో చేరుతుంది, ఆ రెండు ఆనకట్టల తర్వాత నదులు కలిసే చోటు, ఆ వెంటనే నగరం. 1908 మూసీ వరద గురించి, ఆ తర్వాత 1920లో ఉస్మాన్ సాగర్ (గండిపేట చెరువు), 1927లో హిమాయత్ సాగర్ కట్టడం గురించి నేను చదివి ఉన్నాను. కానీ వరదకి కాపలాగా ఆ రెండు ఆనకట్టల్ని అక్కడే ఎందుకు నిలబెట్టారో పైనుంచి ఒక్క చూపులో తెలిసిపోతుంది. ఏ పాఠం చెప్పినా ఇంత బాగా చెప్పలేం.

అపోహ: చేతులు ఒక్క క్షణం వదిలినా విమానం అదుపు తప్పుతుంది

మా మేనకోడలు ఇంటర్ చదువుతోంది, పక్క సీట్లో కూర్చుని కాలమ్‌ని వేళ్లు తెల్లబడేలా పట్టుకుంది. ముక్కు ఉన్నచోటే నిలిచేలా చేసే ట్రిమ్ చక్రం సరిచేసి, "ఇప్పుడు వదిలెయ్యి చిన్నీ" అన్నాను. వదల్లేక వదిలింది. విమానం అలాగే నేరుగా వెళ్తూనే ఉంది. చిన్న కుదుపు వచ్చి ముక్కు లేచినా తనంతట తానే మళ్లీ సర్దుకుంది. ఇందులో ఆటోపైలట్ పనేమీ లేదు, తోక, రెక్కలు, బరువు ఎక్కడ కూర్చుంది అన్న లెక్కతో అలా తయారు చేస్తారు. ఆ తర్వాత తను రెండు వేళ్లతో నడిపింది, నడపాల్సింది కూడా అలాగే. "అత్తా, ఇదే నా మాట వింటోంది!" అంది. ఇన్నేళ్లుగా నేర్పుతున్నా ఈ మాట విన్న ప్రతిసారీ నాకు కొత్తగానే ఉంటుంది.

అపోహ: సొంత విమానం ఉంటే ఎక్కడికైనా ఎప్పుడైనా వెళ్లొచ్చు

వెళ్లలేం. ఫ్లైట్ ప్లాన్ వేయాలి, ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్ నంబరు తీసుకోవాలి. మన దగ్గర షంషాబాద్ రాకపోకలు ఒకవైపు, హకీంపేట, దుండిగల్ వైమానిక స్థావరాలు ఇంకోవైపు. ఏ దారిలో, ఎంత ఎత్తులో అన్నది ఏటీసీ చెప్పినట్టే. చీకటి పడ్డాక కంటిచూపు మీద ఆధారపడి ఎగరడం మామూలుగా కుదరదు. ఇదంతా తలనొప్పి అనుకుంటారు కానీ, రేడియోలో ఆ గొంతు వింటుంటే మనల్ని ఎవరో చూసుకుంటున్నారన్న నిశ్చింత ఉంటుంది.

అపోహ: ఇది పెద్ద విమానమంత సేఫ్

కొందరు నా మీద అభిమానంతో ఇలా అంటారు. కాదండీ. ఎయిర్‌లైన్ విమానానికి ఇద్దరు పైలట్లు, రెండు ఇంజన్లు, మబ్బుల్ని ముందే చూపించే రాడార్ ఉంటాయి. చిన్న విమానానికి అవన్నీ ఉండవు, రిస్క్ ఎక్కువే. అయితే చాలా ప్రమాదాల వెనక ఉండేది మనిషి నిర్ణయం: వాతావరణం బాగాలేకపోయినా బయల్దేరడం, పెట్రోలు లెక్క చూసుకోకపోవడం, దిగేముందు తక్కువ వేగంలో విమానాన్ని గట్టిగా తిప్పడం. అంటే చాలావరకు మన చేతిలో ఉన్నవే. నా వరకు, పొద్దున వచ్చి మబ్బు చూసి "ఈరోజు వద్దు" అని తిరిగి వెళ్లిపోవడం కూడా పైలట్ పనే. ప్యారాచూట్ ఇస్తారా అని కూడా అడుగుతారు. సిరస్ ఎస్ఆర్22 లాంటి వాటిలో విమానం మొత్తానికీ కలిపి ఒకటి ఉంటుంది, మామూలు సెస్నాలో ఉండదు.

అపోహ: ఆడపిల్లలకి, కళ్లజోడు ఉన్నవాళ్లకి, తెలుగు మీడియం వాళ్లకి కాదు

కళ్లజోడుతో చూపు సరిగ్గా ఉంటే లైసెన్సు వస్తుంది. రేడియోలో వాడేది పరిమితమైన, కట్టుదిట్టమైన మాటలు, యాస గురించి టెన్షన్ అక్కర్లేదు, పైలట్ల ఇంగ్లిష్ పరీక్షలో లెవెల్ 4 చాలు, పట్టుదలగా చదివితే అందుతుంది. ఇక ఆడపిల్లల సంగతి. 1936లో సరళా ఠక్రాల్ చీర కట్టుకుని జిప్సీ మాత్ విమానం నడిపారు. మన దేశంలో మొదటి మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్‌కి ఉద్యోగం ఇచ్చింది మన హైదరాబాద్‌లోని డెక్కన్ ఎయిర్‌వేస్. ఆ విమానాలు ఎగిరింది ఇదే బేగంపేట నుంచి. ఇంకా ఎవరైనా నన్ను "అమ్మాయి నడుపుతుందా?" అని అడిగితే ప్రేమ్ మాథుర్ పేరు చెప్తాను.

అపోహ: కోటీశ్వరులకే

ప్రైవేట్ జెట్‌నీ, రెండు సీట్ల సెస్నా 152నీ ఒకే గాటన కట్టేయడం వల్ల వచ్చిన మాట ఇది. ఖర్చు తక్కువేమీ కాదు, శిక్షణలో గంటకి పదివేల పైమాటే. కానీ ప్రైవేట్ పైలట్ లైసెన్సుకి 17 ఏళ్లు నిండి, పదో తరగతి పాసై, క్లాస్ 2 మెడికల్ (ఆరోగ్య పరీక్ష సర్టిఫికెట్) ఉండి, రాతపరీక్షలు రాసి, కనీసం 40 గంటలు ఎగిరితే చాలు. దానికి విమానం కొనక్కర్లేదు. ఆ లైసెన్సుతో డబ్బు తీసుకుని ఎవరినీ ఎక్కించకూడదు, ఇది మాత్రం గుర్తుంచుకోండి. ఎవరైనా ఈ ప్రైవేట్ లైసెన్సు పెట్టుకుని టికెట్ అమ్ముతుంటే ఎక్కొద్దు.

మొదటిసారి వచ్చేవాళ్లకి: పొద్దున ఖాళీ కడుపుతో రాకండి, రెండు ఇడ్లీలు తినండి చాలు. తల తిరుగుతుంటే ఫోన్ పక్కన పెట్టి దూరంగా నేల, ఆకాశం కలిసే గీతని చూడండి. మీ బరువు అడిగితే నిజం చెప్పండి, మొహమాటం వద్దు. 172లో నాలుగు సీట్లు ఉన్నాయి కానీ ట్యాంకులు నింపితే నలుగురు పెద్దవాళ్లు చాలాసార్లు కుదరరు. ఒకరు ఆగాలా, పెట్రోలు తగ్గించాలా అన్నది ఆ అంకెల్ని బట్టే తేలుస్తాం.