రోగిని దేవుడి గురించి అడగవచ్చా? కొన్ని అపోహలు, వాస్తవాలు

పాలమూరు ప్రాంతంలో జనరల్ మెడిసిన్ వార్డు చూసే వైద్యుడికి రోగుల విశ్వాసాలు కొత్త కాదు. ఒకరి దండచేతికి జహంగీర్ పీర్ దర్గాలో కట్టిన తాయెత్తు ఉంటే, పక్క మంచం మీది పెద్దమ్మ తలగడ కింద చెరువుగట్టు గుడి విభూతి పొట్లం ఉంటుంది. మన కేస్ షీట్‌లో బీడీ, మద్యం, నిద్ర, ఆకలి అన్నీ చేరుతాయి గానీ ఈ సంగతులు మాత్రం చేరవు. ఎందుకు చేరవని తోటి వైద్యులను, నర్సులను అడిగినప్పుడు వచ్చిన జవాబులే ఈ అపోహలు.

అపోహ: విశ్వాసం రోగి సొంత విషయం, వైద్యానికి దానితో పని లేదు.

వాస్తవం: కార్తీకమాసంలో మా వార్డుకు వచ్చే ఒక రకం కేసును చూస్తే ఈ మాట నిలబడదు. రోజూ తాగే మనిషి అయ్యప్ప మాల వేసుకున్న రోజే మద్యాన్ని పూర్తిగా మానేస్తాడు. 41 రోజుల దీక్షకు అది నియమం, ఇంట్లో వాళ్లకు సంతోషం. అయితే ఏళ్ల తరబడి మద్యానికి అలవాటుపడిన మెదడు ఈ ఆకస్మిక మార్పును తట్టుకోలేక, 6 నుంచి 48 గంటల లోపు ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య చేతుల వణుకు, చెమటలు ముదిరి, లేనివి కనిపించడం, మనుషులను గుర్తుపట్టకపోవడం మొదలై ప్రాణం మీదికి రావచ్చు. మన వైపు కల్తీ కల్లులో కలిపే ఆల్ప్రజోలం, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తు మందులకు అలవాటుపడిన వాళ్లు ఒక్కసారిగా మానినా ఇంచుమించు ఇదే పరిస్థితి. ఇంట్లో వాళ్లు మాత్రం దీక్షలో ఏదో అపచారం జరిగిందనో, గాలి సోకిందనో అనుకొని ఒకటి రెండు రోజులు అటూ ఇటూ తిప్పి తీసుకొస్తారు. అప్పటికి మెడలో మాల కూడా తీసేసి ఉంటే, అడగని వైద్యుడికి అసలు కారణం తట్టదు.

"అన్నా, ఈ మధ్య మాల గిట్ల ఏసుకున్నడా? కల్లు ఎన్నడు బంద్ చేసిండు?" అన్న రెండు ప్రశ్నలు చాలాసార్లు తల స్కాన్ కంటే ముందుగా దారి చూపుతాయి. క్రమంగా తగ్గించుకుంటూ పోయే లోరాజిపామ్ లేదా డయాజిపామ్, గ్లూకోజ్ ఎక్కించడానికి ముందే థయామిన్ (విటమిన్ బి1) ఇస్తే ఎక్కువ మంది కోలుకుంటారు. దీక్ష విరమించమని చెప్పనవసరం లేదు. గురుస్వామిని పిలిపించి, ఇవి మత్తు కోసం ఇస్తున్నవి కావు, మందులేనని వివరిస్తే ఆయనే ఒప్పిస్తాడని నా అనుభవం. మాల వేసుకోబోయే ముందే వస్తే ఇంకా మేలు, కానీ అలా వచ్చేవాళ్లు తక్కువ.

అపోహ: షుగరు ఉన్నవాళ్లను రోజా (రంజాన్ ఉపవాసం) ఉండవద్దని చెప్పేస్తే మన బాధ్యత తీరినట్టే.

వాస్తవం: చాలామంది తలూపి వెళ్లి ఉపవాసం ఉంటారు, మళ్లీ మనకు చెప్పరు. జబ్బుపడిన వారికి ఉపవాసం నుంచి మినహాయింపు ఖురాన్‌లోనే ఉందన్న సంగతి ఇమాం నోట వింటే కొందరు ఒప్పుకుంటారు. ఉండి తీరుతామనే వారికి రంజాన్‌కు కొన్ని వారాల ముందే మందుల వేళలు మార్చాలి. ఉదాహరణకు పొద్దున వేసుకునే షుగరు మాత్ర గ్లిమిపిరైడ్‌ను ఇఫ్తార్ వేళకు జరుపుతాము. రక్తంలో షుగరు 70 mg/dL కంటే తగ్గినా, 300 దాటినా ఆ రోజు ఉపవాసం విరమించాలని ముందే మాట తీసుకోవాలి.

అపోహ: ఆధ్యాత్మికత అంటే మతమే, నాస్తికుడికి ఆ ప్రశ్న వర్తించదు.

వాస్తవం: 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను (చివరి దశ రోగుల సంరక్షణ కేంద్రాన్ని) ప్రారంభించిన సిసిలీ సాండర్స్, మరణానికి చేరువైన రోగి బాధలో శరీరం, మనసు, కుటుంబ సంబంధాలతో పాటు ఆధ్యాత్మిక వేదన కూడా కలిసి ఉంటుందని చెప్పారు. "నేనేం పాపం చేసిన సారూ?" అని గొంతు క్యాన్సర్ రోగి అడిగినప్పుడు, "అట్లేం లేదులే" అని తేల్చేస్తే ఆ సంభాషణ అక్కడే ఆగిపోతుంది. "అట్లెందుకు అనిపిస్తున్నదే అమ్మా?" అని అడిగి కూర్చుంటే అసలు బాధ బయటికి వస్తుంది, అది ఒక్కోసారి దేవుడికి సంబంధించినదే కాదు, మాట్లాడడం మానేసిన కొడుకుకు సంబంధించినది. నల్లగొండ వైపు ఎర్రజెండా నీడన బతికిన ముసలివాళ్లకు గుడి అక్కర్లేదు, కానీ తమ దేహాన్ని వైద్య కళాశాలకు ఇవ్వాలనే కోరిక ఉండవచ్చు. దాన్ని కూడా సమయం ఉండగానే అడిగి రాసుకోవాలి.

అపోహ: వైద్యుడు భక్తుడైతే రోగి కోసం ప్రార్థన చేయించడం మంచిదే.

వాస్తవం: అమెరికాలో 1,802 మంది గుండె బైపాస్ రోగులపై జరిగి 2006లో వెలువడిన పరిశోధనలో, ఇతరుల ప్రార్థన వల్ల ఆపరేషన్ తర్వాతి ఇబ్బందులు తగ్గలేదు. తమ కోసం ప్రార్థిస్తున్నారని కచ్చితంగా తెలిసిన వారిలో 59 శాతం మందికి, ప్రార్థన అందినా ఆ సంగతి కచ్చితంగా తెలియని వారిలో 52 శాతం మందికి ఇబ్బందులు వచ్చాయి. రోగి తానుగా కోరితే పక్కన మౌనంగా నిలబడడం వేరు. తెల్లకోటు వేసుకొని మన దేవుణ్ణి మనమే ప్రతిపాదిస్తే, కాదనే ధైర్యం రోగికి ఉండదు.

తాయెత్తు విషయంలో అపోహ అనేంతది ఏమీ లేదు, తొందరపాటే ఉంది. ఎంఆర్ఐకి, ఆపరేషన్‌కు లోహం తీయక తప్పదు. కానీ కత్తెర తీసుకునే ముందు కారణం చెప్పి, ఇంటివాళ్లతోనే విప్పించి, వాళ్ల చేతికే ఇవ్వాలి.

ఇక సమయం లేదనే మాట. మా వార్డులో కేస్ షీట్‌పై మద్యం అలవాటు రాసే గడి కిందనే "దీక్ష, ఉపవాసం, మొక్కు" అని చేత్తో మూడు మాటలు రాసి పెట్టుకున్నాము. వాటిని పూరించడానికి నర్సుకు రెండు నిమిషాలు పడుతుంది, పెద్దమ్మ మాటకారి అయితే పది నిమిషాలు.