తక్కువ ఖర్చులో స్పోర్ట్స్ కారు: అపోహలు - వాస్తవాలు

సస్పెన్షన్, బ్రేకుల పనే నా వృత్తి. స్పోర్ట్స్ కారు కొనాలనుకునేవారు, కొన్నదాన్ని మెరుగుపరచుకోవాలనుకునేవారు నా దగ్గరకు వచ్చి అడిగేవాటిలో చాలావరకు ఒకరి నోట ఒకరు విన్న మాటలే ఉంటాయి. ఆ మాటలు నమ్మి చక్కని కార్లను చేజేతులా చెడగొట్టుకున్నవారిని చూసి బాధపడిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి కాబట్టి, నాకు తెలిసినంతవరకు ఇక్కడ వివరిస్తున్నాను.

అపోహ: హార్స్‌పవర్ ఎంత ఎక్కువ ఉంటే కారు నడపడంలో అంత ఆనందం ఉంటుంది.

వాస్తవం: 1989లో వచ్చిన మొదటి తరం మాజ్డా ఎంఎక్స్-5లో ఉన్నది 1.6 లీటర్ల ఇంజన్, సుమారు 115 హార్స్‌పవర్ మాత్రమే. నేటి మామూలు కుటుంబ కార్లు ఎన్నో అంతకు మించిన శక్తితో వస్తున్నాయి. అయినా ఆ కారును ఇప్పటికీ వెతికి మరీ కొంటున్నారంటే, బరువు టన్ను లోపే ఉండటం, వెనుక చక్రాలు నడిపించడం, స్టీరింగ్ తిప్పిన వెంటనే ముందు భాగం మాట వినడం అందుకు కారణాలు. 1,000 కిలోల కారుకు 130 హార్స్‌పవర్, 1,500 కిలోల కారుకు 195 హార్స్‌పవర్ ఉంటే, కాగితం మీద రెండింటి శక్తి-బరువు నిష్పత్తి ఒకటే. కానీ మలుపులో రెండో కారు టైర్లు పట్టి ఉంచాల్సిన బరువు, ఆపేటప్పుడు దాని బ్రేకులు వేడిగా మార్చాల్సిన శక్తి ఒకటిన్నర రెట్లు. పైగా టైరు మీద భారం పెరిగినంతగా దాని పట్టు పెరగదు. అందువల్ల బరువైన కారుకు వెడల్పైన టైర్లు, పెద్ద బ్రేకులు కావాలి, ప్రతి మార్పిడికీ ఖర్చు అంతకంతకూ పెరుగుతుంది. 2012లో వచ్చిన టయోటా 86కు 200 హార్స్‌పవర్ ఇంజన్‌తో పాటు కేవలం 215 మిల్లీమీటర్ల టైర్లు అమర్చింది పొదుపు కోసం కాదు, పట్టు ఎక్కడ సడలుతుందో నడిపేవారికి తక్కువ వేగంలోనే తెలియాలని. ఆ నిర్ణయాన్ని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను.

అపోహ: ముందు చక్రాలు నడిపించే కారు స్పోర్ట్స్ కారే కాదు.

వాస్తవం: ముందు చక్రాలతో నడిచే మినీ కూపర్ ఎస్ 1964, 1965, 1967లలో మాంటే కార్లో ర్యాలీ గెలిచింది. ఇంజన్ బరువు నడిపే చక్రాల మీదే ఉండటం జారుడు దారిలో మేలు చేస్తుంది. సుజుకి స్విఫ్ట్ స్పోర్ట్ వంటి తేలికైన హ్యాచ్‌బ్యాక్ మంచి స్థితిలో దొరికితే తటపటాయించనవసరం లేదు.

అపోహ: మొదటి అప్‌గ్రేడ్ ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్‌లతో మొదలుపెట్టాలి.

వాస్తవం: టర్బో (గాలిని ఒత్తిడితో ఇంజన్‌లోకి నెట్టే పరికరం) లేని ఇంజన్‌లో ఈ రెండింటి వల్ల శబ్దం మారినంతగా శక్తి మారదు. మూత లేని ఫిల్టర్‌ను ఇంజన్ పక్కనే బిగిస్తే అది వేడి గాలిని పీలుస్తుంది. గాలి ఉష్ణోగ్రత 20 నుంచి 50 డిగ్రీలకు పెరిగితే సాంద్రత దాదాపు తొమ్మిది శాతం తగ్గుతుంది, ఆ మేరకు ఇంజన్‌కు అందే ఆక్సిజన్ కూడా తగ్గుతుంది. టర్బో ఇంజన్‌లో రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) వల్ల శక్తి బాగానే పెరుగుతుంది, అయితే క్లచ్, కూలింగ్ వ్యవస్థ ఆ భారాన్ని మోయగలవో లేదో ముందే చూసుకోవాలి. నన్నడిగితే మొదటి ఖర్చు టైర్ల మీదే పెట్టమంటాను, ఎందుకంటే ఇంజన్, బ్రేకులు, స్టీరింగ్ చేసే పని ఏదైనా రోడ్డును చేరేది అరచేతంత నాలుగు రబ్బరు ముద్రల ద్వారానే. టైరు పక్కగోడ మీద డాట్ (DOT) అనే ఇంగ్లీషు అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు చూడండి: 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైనది. గాడులు లోతుగా ఉన్నా, ఏళ్ల తరబడి ఎండిన రబ్బరు గట్టిపడి పట్టు కోల్పోతుంది.

అపోహ: కారును ఎంత కిందికి దించి, స్ప్రింగులను ఎంత గట్టిగా చేస్తే మలుపుల్లో అంత బాగుంటుంది.

వాస్తవం: నేను సరిచేసే కార్లలో ఎక్కువ నష్టం జరిగేది ఈ నమ్మకం వల్లే. ఒక యువకుడు తన కారు మలుపు మధ్యలో ఉన్నట్టుండి ముందుకు జారిపోతోందని తీసుకొచ్చాడు. స్ప్రింగులు కత్తిరించి దించిన కారు అది. లిఫ్ట్ మీద పైకెత్తి చూస్తే, డంపర్ (షాక్ అబ్జార్బర్) కడ్డీ మీద దెబ్బను ఆపడానికి ఉండాల్సిన మెత్తటి దిమ్మె, అంటే బంప్ స్టాప్, పొడిపొడిగా రాలిపోయి ఉంది; ముందు టైర్ల లోపలి అంచు అరిగి తీగలు బయటపడ్డాయి, బయటి నుంచి చూస్తే మాత్రం ఆ టైర్లు కొత్తవాటిలా ఉన్నాయి. సస్పెన్షన్‌కు పైకీ కిందికీ కదిలే చోటు లేకపోవడంతో, మలుపులో కారు వాలగానే సస్పెన్షన్ తన కదలిక చివరి హద్దుకు తగిలి, ముందు చక్రాల పట్టు ఒక్కసారిగా తెగిపోయేది. మాక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, డంపర్ కలిసి ఒకే నిలువు భాగంగా ఉండే సస్పెన్షన్) ఉన్న కార్లలో ఇంకో చిక్కు ఉంది: కారును దించినప్పుడు గురుత్వ కేంద్రం కంటే రోల్ సెంటర్ (కారు పక్కకు వాలేటప్పుడు ఇరుసులా పనిచేసే బిందువు) ఎక్కువ కిందికి పోతుంది, దాంతో మలుపులో కారును వాల్చే బలం పెరుగుతుంది. ఆ కారుకు కంపెనీ ఎత్తు స్ప్రింగులు, కొత్త డంపర్లు, చీలిపోయిన కంట్రోల్ ఆర్మ్ (చక్రాన్ని కారుకు కలిపే కడ్డీ) రబ్బరు బుష్‌ల స్థానంలో కొత్తవి, కొత్త టైర్లు వేసి అలైన్‌మెంట్ చేశాం. ఇంతకుముందు ఎవరూ ఆ కారును ఇలా నడిపి ఉండరని అతడు అన్నాడు, నిజానికి అది ఫ్యాక్టరీ నుంచి అలాగే వచ్చి ఉంటుంది. దించాలనే ఉంటే స్ప్రింగులకు సరిపడే డంపర్లతో కలిపి, కొద్దిగా మాత్రమే దించండి.

అపోహ: పెద్ద బ్రేకులు వేస్తే కారు తక్కువ దూరంలో ఆగుతుంది.

వాస్తవం: మీ బ్రేకులు ఇప్పటికే ఏబీఎస్‌ను (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థను) పని చేయించగలిగితే, ఆ ఒక్కసారికి ఆగే దూరాన్ని నిర్ణయించేది టైరే. పెద్ద డిస్కుల ప్రయోజనం పదే పదే బ్రేకు వేసినప్పుడు పుట్టే వేడిని తట్టుకోవడంలో ఉంది. ట్రాక్ మీద పెడల్ నేలను తాకిందంటే చాలాసార్లు కారణం పాత బ్రేక్ ఫ్లూయిడ్. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఫ్లూయిడ్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకు దిగుతుంది. మరిగిన ఫ్లూయిడ్‌లో ఆవిరి బుడగలు నొక్కుకుపోతాయి, పెడల్ బలం ప్యాడ్ల దాకా చేరదు. ముందు ఫ్లూయిడ్ మార్చి, మంచి ప్యాడ్లు వేయండి.

అపోహ: తక్కువ కిలోమీటర్లు తిరిగిన పాత కారే ఉత్తమం.

వాస్తవం: ఏళ్లు నిలబెట్టిన కారులో సీళ్లు, బుష్‌లు, గొట్టాలు ఎండిపోతాయి, టైమింగ్ బెల్టు గడువు కిలోమీటర్లతో పాటు సంవత్సరాల్లోనూ లెక్కిస్తారు. పాత ఎంఎక్స్-5లో మడతపెట్టే టాపు దగ్గరి నీటి దారులు చెత్తతో మూసుకుపోతే నీరు తలుపుల కింది సిల్స్‌లో నిలిచి లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది, కాబట్టి వెనుక చక్రాల ముందు భాగాన్ని వేలితో నొక్కి మరీ చూడండి. కారు చూడటానికి వెళ్లేముందు ఇంజన్ స్టార్ట్ చేసి ఉంచవద్దని అమ్మేవారిని కోరండి. చల్లటి ఇంజన్ మొదటి నిమిషంలో వదిలే పొగ, చల్లటి గేర్‌బాక్స్ రెండో గేరులోకి వెళ్లేటప్పుడు చేసే చప్పుడు, వేడెక్కాక మళ్లీ బయటపడకపోవచ్చు.