కొత్త దేశం వాతావరణం: ఒళ్ళు ఎంతవరకు అలవాటు పడుతుంది?

విదేశానికి వెళ్ళిన కొత్తలో ఒంట్లో బాగోలేదంటే చుట్టుపక్కల వాళ్ళు ఓదార్పుగా చెప్పే మాట ఒకటుంది: "కొన్నాళ్ళు ఓర్చుకో, అదే అలవాటైపోతుంది." వేడి విషయంలో ఇది చాలావరకు నిజం. చలి విషయంలో కాదు. డాక్టర్‌గా నేను వినే అపోహల్లో సగం ఈ తేడా తెలియక పుట్టినవే.

అపోహ: వేడి దేశాల వాళ్ళ రక్తం పలచన. రెండు చలికాలాలు గడిస్తే చిక్కబడుతుంది, ఇక చలి వేయదు.

వాస్తవం: చలిని ఆపేది రక్తం చిక్కదనం కాదు. ఇందులో పిసరంత నిజం ఉంది కానీ, అది వేడికి సంబంధించినది. వేడి ప్రాంతంలో తిరగడం మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే రక్తంలోని ద్రవభాగం, అంటే ప్లాస్మా, పెరుగుతుంది. చెమట త్వరగా మొదలై ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. ఒకటి రెండు వారాల్లో ఈ సర్దుబాటు చాలావరకు పూర్తవుతుంది.

చలికి ఇంత పకడ్బందీ ఏర్పాటు మన శరీరంలో లేదు. రోజూ చలిలో తిరిగితే వణుకు కాస్త తగ్గుతుంది, అంతే. వేడి పుట్టించే గోధుమరంగు కొవ్వు పెద్దవాళ్ళలోనూ పనిచేస్తుందని 2009లో వచ్చిన పరిశోధనలు గట్టిగా చూపించాయి. దాన్ని నమ్ముకుని కోటు మానేస్తానంటే మాత్రం నేను ఒప్పుకోను. అక్కడ పుట్టి పెరిగినవాళ్ళు చలిని తట్టుకుంటున్నారంటే, అందులో ఎక్కువ గొప్పతనం వాళ్ళ బట్టలది, ఇళ్ళది.

అపోహ: వేడి దేశానికి వెళ్తే మొదటి నెల ఏసీలోనే ఉండాలి.

వాస్తవం: రోజంతా ఏసీలో ఉంటే ఒళ్ళు వేడికి అలవాటు పడే అవకాశమే ఉండదు. రోజూ కొంతసేపు బయట నడవాలి, తర్వాత చల్లటి చోట విశ్రాంతి తీసుకోవాలి. ఎండలో పనిచేసే ఉద్యోగమైతే పనిచేసేవాళ్ళ ఆరోగ్యం, భద్రతపై పరిశోధించే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ చెప్పే లెక్క మంచిది: మొదటి రోజు 20 శాతం పని, ఆపైన రోజుకు 20 శాతానికి మించకుండా పెంచడం. కొన్ని అలర్జీ మాత్రలు చెమటను తగ్గిస్తాయి. బీపీకి వాడే కొన్ని మందులు ఒంట్లో నీటిని తగ్గిస్తాయి. అవి వాడేవాళ్ళు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు బయలుదేరే ముందే డాక్టర్‌తో మాట్లాడాలి.

అపోహ: తడి తలతో చలిలోకి వెళ్తే జలుబు చేస్తుంది.

వాస్తవం: జలుబు తెచ్చేది వైరస్. చలికాలంలో అందరూ తలుపులు మూసుకుని ఒకే గాలి పీలుస్తారు కాబట్టి అది తేలిగ్గా పాకుతుంది.

అపోహ: ఒక పెగ్గు వేస్తే ఒళ్ళు వెచ్చబడుతుంది.

వాస్తవం: వెచ్చబడేది చర్మం మాత్రమే. లోపలి వేడి బయటికి పోతుంది.

అపోహ: చర్మం పగులుతోంది, ముక్కులోంచి రక్తం వస్తోంది. ఇక్కడి నీళ్ళు పడలేదు.

వాస్తవం: నీళ్ళను తిట్టుకునే ముందు గదిలో గాలిని చూడండి. బయట మైనస్ 5 డిగ్రీల చలిలో 80 శాతం తేమ ఉన్న గాలినే హీటర్ 20 డిగ్రీలకు వేడిచేస్తే, తేమ దాదాపు 15 శాతానికి పడిపోతుంది. గదిలో 30 నుంచి 50 శాతం ఉండేలా చూసుకోండి. అంతకు మించితే కిటికీల దగ్గర బూజు పడుతుంది. మరిగే నీళ్ళతో గంటసేపు స్నానం మానేసి, గోరువెచ్చని నీళ్ళతో త్వరగా ముగించి, ఒళ్ళు తడిగా ఉండగానే మాయిశ్చరైజర్ రాయండి.

అపోహ: ఎండ కనిపిస్తోందిగా, విటమిన్ డి కి ఢోకా లేదు. దిగులంటారా, అది ఇంటి మీద బెంగ.

వాస్తవం: భూమధ్యరేఖకు దూరంగా వెళ్ళేకొద్దీ చలికాలపు ఎండలో విటమిన్ డి తయారీకి కావలసిన కిరణాలు తగ్గిపోతాయి. 42 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా దాదాపు ఉండవు. చర్మం రంగు ముదురైతే ఎండ అవసరం ఇంకా ఎక్కువ. దిగులు సంగతి వేరు. పగలు కుంచించుకుపోయే నెలల్లో ఏటా నిద్రమత్తు, నిరాశ వస్తుంటే అది బెంగ మాత్రమే కాకపోవచ్చు. సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్ అనే ఈ జబ్బును 1984లోనే వైద్యులు వివరించారు. పొద్దున్నే అరగంటసేపు 10,000 లక్స్ (వెలుతురు కొలత) దీపం ముందు కూర్చోవడం చాలామందికి పనిచేస్తుంది. బైపోలార్ సమస్య, రెటీనా జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్‌ని అడగకుండా ఆ దీపం కొనొద్దు.