ఆటలో తలకు దెబ్బ: పిల్లల కంకషన్‌పై అపోహలు, వాస్తవాలు

స్పోర్ట్స్ ఫిజియోథెరపిస్టుగా నేను చూసే పిల్లలు మోకాలు నొప్పెడితే వెంటనే చెబుతారు. తలకు దెబ్బ తగిలితే మాత్రం చాలామంది నోరు విప్పరు. చెబితే టీమ్‌లోంచి తీసేస్తారని భయం.

అపోహ: స్పృహ తప్పితేనే కంకషన్.

వాస్తవం: ఎక్కువమందికి స్పృహ తప్పదు. కంకషన్ అంటే కుదుపుకు మెదడు పనితీరు కొంతకాలం దెబ్బతినడం. నేరుగా తలకే తగలాలని కూడా లేదు. కబడ్డీలో రైడర్‌ను ఒక్కసారిగా లాగి పడేసినప్పుడు తల విసురుగా ఊగినా రావచ్చు. "దిమ్ముగా ఉంది", "కళ్లు బైర్లు కమ్మాయి", "లైటు చూడలేకపోతున్నా" అని పిల్లలు అంటే తేలిగ్గా తీసుకోకండి. కొందరిలో ఇవి కొన్ని గంటల తర్వాత, మర్నాడు కూడా మొదలవుతాయి.

అపోహ: హెల్మెట్ ఉంటే భయం లేదు.

వాస్తవం: హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది, లోపలి కుదుపును పూర్తిగా ఆపలేదు. 2020 డిసెంబర్‌లో కాన్‌బెర్రా టీ20లో బంతి హెల్మెట్‌కు తగిలాక కూడా జడేజా బ్యాటింగ్ కొనసాగించాడు. ఇన్నింగ్స్ అయ్యాక తల తిరుగుతోందని చెప్పడంతో అతని బదులు చాహల్‌ను దింపారు.

అపోహ: స్కాన్ నార్మల్ వస్తే మళ్లీ ఆడొచ్చు.

వాస్తవం: సీటీ స్కాన్ రక్తస్రావాన్ని, ఎముక విరిగిందా అన్నదాన్ని చూపిస్తుంది. కంకషన్ అందులో కనబడదు.

అపోహ: కాసేపు కూర్చుని, నీళ్లు తాగి మళ్లీ ఆటలోకి దిగిపోవచ్చు.

వాస్తవం: ఆ రోజుకు ఆట ఆపేయాల్సిందే. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 2006లో జాకరీ లిస్టెడ్ అనే 13 ఏళ్ల అబ్బాయి తలకు దెబ్బ తగిలాక అదే మ్యాచ్‌లో మళ్లీ ఆడి, మెదడులో రక్తస్రావంతో కుప్పకూలాడు. బతికాడు కానీ, ఏళ్ల తరబడి చికిత్స అవసరమైంది. 2009లో అక్కడ అతని పేరుతోనే చట్టం వచ్చింది. మన పీఈటీ సార్లందరికీ ఈ సంగతి తెలియాలని నా కోరిక.

అపోహ: బద్ధకంతో నాటకాలాడుతున్నాడు.

వాస్తవం: నన్ను ఎక్కువ బాధపెట్టే మాట ఇదే. కట్టు లేదు, కుట్లు లేవు, పైకి బాగానే ఉంటాడు. లోపల మాత్రం చదివింది బుర్రకెక్కదు, నిద్ర సరిగా పట్టదు, చిన్నమాటకే కోపమో ఏడుపో వస్తుంది. స్నేహితులు గ్రౌండ్‌కు వెళ్తుంటే ఇంట్లో ఒంటరిగా మిగిలిపోతాడు. టెన్త్, ఇంటర్ పిల్లలకు పరీక్షల టెన్షన్ అదనం. స్కూలుకు చెప్పి హోంవర్క్ తగ్గించమని అడగండి, ప్రాక్టీస్ చూడ్డానికైనా గ్రౌండ్‌కు పంపండి.

అపోహ: నిద్రపోనివ్వకూడదు, తర్వాత వారాలపాటు చీకటి గదిలోనే ఉంచాలి.

వాస్తవం: డాక్టర్ చూసి ప్రమాదం లేదన్నాక నిద్ర మంచిదే. మొదటి 24 నుంచి 48 గంటలు ఫోన్, టీవీ బాగా తగ్గించి, ఇంట్లో మామూలుగా తిరగనివ్వాలి. తర్వాత నడక, ఆపై తేలికపాటి వ్యాయామం. ముందు పూర్తిగా స్కూలుకు, ఆ తర్వాతే ఆటకు. ఒక్కో మెట్టుకు కనీసం ఒక రోజు పట్టాలి. చాలామంది పిల్లలు నాలుగు వారాల్లో కోలుకుంటారు. డాక్టర్ సరేననే దాకా ట్యాక్లింగ్ (ఎదుటి ఆటగాణ్ణి పట్టి ఆపడం), హెడర్లు (ఫుట్‌బాల్‌లో బంతిని తలతో కొట్టడం) వద్దు.

పదే పదే వాంతులు, పెరిగే తలనొప్పి, ఫిట్స్, మెడనొప్పి, చేయి కాలు బలహీనపడటం, లేపినా లేవకపోవడం: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వెంటనే 108కి ఫోన్ చేయండి.