మెట్టు మెట్టుకీ ఒక ఎలుక ఉంటుందా?

అలిపిరి నుంచి కొండకు నడిచేవాళ్ళు మెట్లు లెక్కపెడతారు, మోకాళ్ళు పట్టుకుంటారు, ఆయాసం వచ్చినప్పుడల్లా గోవింద నామం అందుకుంటారు. పక్కన బండల మీద ఏం పరిగెత్తిందో చూసే ఓపిక ఎవరికీ ఉండదు. నేనూ చాలా ఏళ్ళు చూడలేదు. ఒకసారి గాలిగోపురం దాటి కాస్త కూర్చున్నప్పుడు, ఎండుటాకుల్లో మూతి పెట్టి కెలుకుతూ ఉడత లాంటిదొకటి కనిపించింది. వీపు మీద చారలు లేవు. భుజం దగ్గర మాత్రం లేత రంగు గీత ఒకటి ఉంది. మూతి ఉడతకన్నా పొడుగు. మజ్జిగ అమ్ముతున్న అవ్వను అడిగితే, "ఉడతే నాయనా, ఇంకేముంటాది" అంది.

అది ఉడత కాదు. ఇంట్లో కిచకిచమనే చుంచెలుకకూ చుట్టం కాదు. దాన్ని మద్రాస్ ట్రీ ష్రూ అంటారు. శాస్త్రజ్ఞులు దాని బంధువులన్నిటినీ కలిపి ప్రత్యేకంగా ఒక వర్గమే పెట్టారు. పేరులో చెట్టు ఉన్నా ఎక్కువసేపు నేల మీదే పురుగులు ఏరుకుంటుంది. 1850లో వాటర్‌హౌస్ అనే ఇంగ్లీషు జంతుశాస్త్రజ్ఞుడు దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేసినప్పుడు, నమూనా దొరికిన చోటుగా రాసింది కడప, నెల్లూరుల మధ్య కొండలని. కొండలు మనవి, పేరు మద్రాసుది. అప్పట్లో అన్నీ అలాగే జరిగాయి లెండి.

ఇలాంటి పిడికెడంత జంతువులు కొండ మీద ఎక్కడెక్కడ ఉంటాయన్నది చాలా పాత ప్రశ్న. కిలోమీటరు ఎత్తు ఎక్కితే వేడి సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. ఏనుగుకు అది పెద్ద లెక్క కాదు. చిన్న ఒళ్ళు మాత్రం తొందరగా చల్లబడుతుంది, దాన్ని వెచ్చగా ఉంచుకోవాలంటే తింటూనే ఉండాలి. అందుకే ఒక్కో జాతికి కొండ మీద, ఇంత ఎత్తు నుంచి ఇంత ఎత్తు దాకా అని, తనదైన పట్టీ ఒకటి ఏర్పడుతుంది. ఎక్కేకొద్దీ జాతులు తగ్గుతూ పోతాయని చాలాకాలం అనుకున్నారు. ప్రపంచంలో పదుల కొద్దీ పర్వతాల లెక్కలు ఒకచోట చేర్చి క్రిస్టీ మెక్‌కెయిన్ అనే జీవశాస్త్రజ్ఞురాలు 2005లో చూపించింది వేరు: చిన్న క్షీరదాల రకాలు ఎక్కువగా ఉండేది కొండ నడుమ భాగంలో. కింద ఎండ, పైన చలి. నడుమ తేమ ఉంటుంది, తిండి ఉంటుంది, పైవాళ్ళూ కిందివాళ్ళూ కలిసేదీ అక్కడే. పర్వతం ఎంత ఎత్తుగా ఉంటే ఈ రద్దీ కూడా అంత పైకి జరుగుతుంది.

అలాగని శిఖరాలు ఖాళీ అనుకోవద్దు. చిలీ, అర్జెంటీనా సరిహద్దులోని యుయాయాకో అగ్నిపర్వతం కొన మీద, 6,739 మీటర్ల ఎత్తులో, 2020లో జే స్టార్జ్ అనే జీవశాస్త్రజ్ఞుడు ఒక ఎలుకను చేత్తో పట్టుకున్నాడు. అక్కడ ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రతీరంతో పోలిస్తే సగం కూడా ఉండదు. గాలిగోపురం దగ్గరే రొప్పే నాకు ఆ ఎలుక మీద గౌరవం పెరిగింది.

మన కొండ సంగతి వేరు. తిరుపతి నుంచి తిరుమలకు ఎక్కేది దాదాపు 700 మీటర్లు, తగ్గే వేడి నాలుగైదు డిగ్రీలు. దానికే జాతులు పట్టీలు పట్టీలుగా విడిపోవు. ఇక్కడ ఎత్తు కంటే మలుపు ముఖ్యం అనిపిస్తుంది నాకు. తలకోనకు పోయి చూడండి. ఎండిన వాలు దిగి లోయలో అడుగు పెట్టగానే చెమట ఆరిపోతుంది. పెద్ద చెట్లు, వాటిని పెనవేసుకున్న గిల్లతీగ, తలెత్తితే ఆకాశం కనిపించనంత ఆకు. కొమ్మ మీంచి కొమ్మకు దూకుతూ, నేలకు దిగడానికి ఇష్టపడని బెట్టుడుతకు ఇలాంటి చోటే కావాలి. లోయ దాటి అదే ఎత్తులో పక్క వాలుకు వస్తే ఎర్రచందనం, ముళ్ళకంప, కాలిన రాయి. చెట్టుకూ చెట్టుకూ మధ్య ఎడం. బెట్టుడుత ఇక్కడ బతకలేదు. రాళ్ళ సందుల్లో దూరే ఎలుకలకు ఇదే చాలు.

కొండ కింద రాజ్యం పందికొక్కుది. ఇంగ్లీషువాళ్ళ బ్యాండికూట్ అన్న మాట పుట్టింది మన పందికొక్కు నుంచే. వేరుశనగ చేను ఉన్న రైతుకు దాని గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. పరిశోధకులు అల్యూమినియం పెట్టెల్లో చిన్న జంతువుల్ని పట్టేటప్పుడు ఎరగా తరచుగా పెట్టేదీ వేరుశనగ ముద్దే. ఇక కొండపైన ఊరుంది కాబట్టి ఇంటెలుక కూడా ఉంటుంది. మెట్లెక్కేది భక్తులొక్కరే కాదు మరి.

ట్రీ ష్రూకు ఈ చేలే సముద్రం. హార్స్‌లీ కొండ మీద ఒకటి ఉందనుకోండి, అది తిరుమల కొండకు రావాలంటే మధ్యలో మదనపల్లె టమాటా తోటలు, రోడ్లు, ఊళ్ళు దాటాలి. తూర్పు కనుమలు పడమటి కనుమల్లా ఒకే గోడ కాదు, విరిగిన ముక్కలు. ఒక ముక్కలో చచ్చిపోతే పక్క ముక్క నుంచి రావడం అంత సులువు కాదు.

అమెరికాలోని యోసెమిటీ కొండల్లో 1914 నుంచి 1920 దాకా జంతుశాస్త్రజ్ఞుడు గ్రినెల్ బృందం చిన్న జంతువుల లెక్క రాసిపెట్టింది. దాదాపు తొంభై ఏళ్ళ తర్వాత అవే చోట్లకు మళ్ళీ వెళ్ళి చూశారు. గమనించిన 28 జాతుల్లో సగం తమ హద్దులు మార్చుకున్నాయి, సగటున 500 మీటర్లు పైకి. వేడి పెరిగింది, పైన చోటుంది, ఎక్కాయి. మనకున్నదే 700 మీటర్లు. అందులో 500 ఎక్కాక మిగిలేది కాటేజీలు, క్యూలైన్లు.

కాబట్టి మన జంతువులు పైకి కాదు, పక్కకు జరగాలి. లోయలోకి, నీడలోకి, రాతి సందులోకి. ఆ రోజు నేను చూసిందీ అదే చేసింది. ఎండ ఎక్కేసరికి ఆకులు వదిలేసి పెద్ద బండ కింది చీలికలోకి జారిపోయింది. ఎంతసేపు చూసినా బయటికి రాలేదు. అవ్వ మజ్జిగ కుండ కూడా ఆ బండ నీడలోనే ఉంది.