తడబడే పిల్లికూనను ఇంటికి తెచ్చుకునేవాళ్లకు

గిన్నెకు దగ్గరయ్యేకొద్దీ కూన తల ఊపు ఎక్కువవుతుంది. మూతి ముందుకు చాపితే గిన్నె అంచుకు తగులుతుంది. నాలుగు కాళ్లూ ఎడంగా పెట్టి, ముందుకాళ్లను అవసరానికి మించి పైకెత్తి నడుస్తుంది, నాలుగడుగులు వేసి పక్కకు ఒరిగిపోతుంది. అదే కూన నిద్రపోయేటప్పుడు ఒంట్లో ఎక్కడా వణుకు ఉండదు. మొదటి అడుగుల నుంచీ ఇలాగే ఉందంటే దాని చిన్నమెదడు పూర్తిగా ఎదగలేదని గట్టిగా అనుమానించవచ్చు. పశువైద్యులు దీన్ని సెరిబెల్లార్ హైపోప్లేసియా అంటారు. చూసినవాళ్లు ఫిట్స్ అనో, పక్షవాతం అనో, ఇక బతకదనో అనేస్తారు. మూడూ తప్పే. ఇది నొప్పి పెట్టదు, ముదరదు, ఆయుష్షును తగ్గించదు. అలాంటి కూనను ‘ఎందుకులే’ అని వదిలేయడం అన్యాయం.

చాలా కేసుల్లో దీనికి కారణం పాన్‌ల్యూకోపీనియా వైరస్. ఇది పార్వోవైరస్ జాతిది. దానికి సొంతంగా డీఎన్‌ఏను కాపీ చేసుకునే యంత్రాంగం లేదు, అందుకే వేగంగా విభజన చెందే కణాల్లోకి దూరి వాటి యంత్రాంగాన్ని వాడుకుంటుంది. పెరిగిన పిల్లుల్లో అలాంటి కణాలు పేగు గోడల్లో, ఎముక మజ్జలో ఉంటాయి. వాంతులు, విరేచనాలు, తెల్ల రక్తకణాలు పడిపోవడం అందువల్లే. పిల్లి గర్భం సుమారు 63 నుంచి 65 రోజులు. అందులో చివరి వారాల్లో, పుట్టాక మొదటి రెండు మూడు వారాల్లో పిల్ల శరీరంలో జోరుగా విభజన జరిగే చోట్లలో చిన్నమెదడు ఒకటి. సరిగ్గా ఆ సమయంలో వైరస్ సోకితే అక్కడ గ్రాన్యూల్ కణాలనే నాడీకణాలుగా మారాల్సిన కణాలు ముందే నశిస్తాయి, పర్కింజీ కణాలనే పెద్ద నాడీకణాలు కూడా దెబ్బతింటాయి. ఒకే కాన్పులో ఒక కూన తిన్నగా నడిచి ఇంకోటి అసలు నిలబడలేకపోవచ్చు. వైరస్ ఏ పిల్లకు ఎప్పుడు, ఎంత సోకిందన్నదే తేడా. పందొమ్మిదో శతాబ్దం నుంచీ వైద్యులు ఈ స్థితిని గమనించి వంశపారంపర్యం అనుకున్నారు. 1960లలో కిల్‌హామ్, మార్గోలిస్ అనే పరిశోధకులు దీని వెనక వైరస్ ఉందని చూపించారు.

కదలికను మొదలుపెట్టేది పెద్దమెదడు. వేయాలనుకున్న అడుగుకూ పడిన అడుగుకూ తేడాను క్షణక్షణం సరిదిద్దేది చిన్నమెదడు. అది తగ్గితే బలం పోదు, కొలత పోతుంది. కాబట్టే ఊరికే పడుకున్నప్పుడు లేని వణుకు ఒక గురి పెట్టుకోగానే వస్తుంది. పోయిన కణాలు తిరిగి రావు. అయితే మిగిలిన మెదడు నెలల తరబడి సర్దుకుంటూ పోతుంది. అందుకే రెండు నెలల వయసులో అడుగడుగునా పడిన కూన ఏడాది నిండేసరికి గోడ వారగా నడిచి తన గిన్నెను తానే వెతుక్కోవడం మామూలే.

తెచ్చుకునే ముందు చేయాల్సిన అసలు పని ఇది వేరే జబ్బు కాదని తేల్చుకోవడం. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఎప్పటి నుంచి? పుట్టుకతో వచ్చిన లోపం మూడు నాలుగు వారాల వయసులో నడక మొదలైనప్పుడే బయటపడుతుంది, ఆ తర్వాత పెరగదు. మొన్నటిదాకా బాగా పరిగెత్తి నిన్నటి నుంచి తూలుతుంటే అది ఇంకేదో. తల ఒకే పక్కకు వాలి గుండ్రంగా తిరుగుతుంటే చెవి లోపలి ఇన్‌ఫెక్షన్ కావచ్చు. కుక్కలకు వాడే పేలు, గోమార్ల మందుల్లో ఉండే పర్మెత్రిన్ పిల్లులకు విషం, ఒళ్లంతా తీవ్రంగా వణికిస్తుంది. రోజూ పచ్చి చేపలే తినే పిల్లులకు ఇంకో ముప్పు: కొన్ని చేపల్లో థయమిన్‌ను, అంటే బి1 విటమిన్‌ను నాశనం చేసే ఎంజైమ్ ఉంటుంది. థయమిన్ తగ్గితే మెడ కిందికి వంగిపోతుంది, కంటిపాపలు పెద్దవవుతాయి, మూర్ఛ వస్తుంది. సకాలంలో ఇంజెక్షన్ ఇస్తే త్వరగా కోలుకుంటుంది. ఆకలితో నీరసించిన చిన్న కూన రక్తంలో చక్కెర పడిపోయి కూడా తూలుతుంది. అప్పుడు చిగుళ్ల మీద కాస్త పంచదార నీళ్లు రాసి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

రేబిస్‌ను కూడా మరిచిపోవద్దు. వీధిలో దొరికిన కూన కొత్తగా తూలుతూ, చొంగ కారుస్తూ ఉంటే వట్టి చేతులతో పట్టుకోవద్దు. ఏ వీధి కూన కరిచినా, రక్కినా గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకా కోసం డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

నిర్ధారణకు ఎమ్మారై చాలాసార్లు అక్కర్లేదు. కూన చరిత్ర, నడక చూసే డాక్టర్లు చెబుతారు. దగ్గర్లో పిల్లుల గురించి బాగా తెలిసిన డాక్టర్ లేకపోతే రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆసుపత్రులకు వెళ్లవచ్చు. వెళ్లేముందు ఫోన్లో రెండు వీడియోలు తీసుకోండి, ఒకటి తింటున్నప్పుడు, ఒకటి నిద్రలో. ఆసుపత్రిలో భయంతో ముడుచుకున్న కూన ఏమీ చూపించదు. కంటి ముందు చెయ్యి ఆడిస్తే రెప్ప వేయలేదని గుడ్డిదని తీర్మానించవద్దు. ఆ స్పందనకు చిన్నమెదడు కూడా కావాలి. దూది ఉండ జారవిడిచి, చూపు దాని వెంట వెళ్తుందో లేదో చూడండి.

ఇక ఇల్లు. మన ఇళ్లలో ఈ కూనలకు పెద్ద శత్రువు నున్నటి నేల: టైల్స్, గ్రానైట్, పాలరాయి. గోరు పట్టుకోవడానికి ఏమీ లేక కాళ్లు నాలుగు దిక్కులకూ జారిపోతాయి, గడ్డం నేలకు కొట్టుకుంటుంది. కూన తిరిగే దారి అంతటా యోగా మ్యాట్‌లు గానీ, రబ్బరు అడుగున్న కార్పెట్ ముక్కలు గానీ, కుట్టి బిగించిన గోనె సంచులు గానీ పరవండి. అంచులు లేచి ఉంటే కాలు తట్టుకుంటుంది, టేపుతో అతికించాలి. గోళ్ల కొసలు మాత్రమే కత్తిరించాలి, గోళ్లే దాని ఆధారం. ఎక్కడం దానికి కష్టం కాదు, దిగడమే కష్టం. మంచం, సోఫా పక్కన దుప్పటి మడతలతో మెట్లు కట్టండి. బాల్కనీకి వల వేయండి, మేడమెట్లకు అడ్డు పెట్టండి. బాత్రూంలో నీళ్ల బకెట్‌కు ఎప్పుడూ మూత ఉండాలి. తలకిందులుగా పడితే ఈ కూన తనంతట తాను బయటికి రాలేదు.

గిన్నె బరువుగా, వెడల్పుగా, అడుగు జారకుండా ఉండాలి. గట్టి స్టీలు అంచుకు తల కొట్టుకుని పళ్లు విరిగే ప్రమాదం ఉంది, మెత్తని సిలికాన్ గిన్నె మేలు. నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తు పీట మీద పెడితే కొన్ని బాగా తింటాయి, కొన్నింటికి నేల మీదే సుఖం. రెండూ పెట్టి చూడండి. తినేటప్పుడు ఛాతీ కింద అరచెయ్యి ఆనిస్తే ఊపు తగ్గుతుంది. సిరంజితో నోట్లో పోయడం మాత్రం డాక్టర్ చూపించకుండా వద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది.

అడుగడుగునా తూలి సర్దుకోవడంలో శక్తి ఎక్కువ ఖర్చవుతుంది కాబట్టి రోజుకు నాలుగు సార్లయినా పెట్టాలి. పాలన్నం, పెరుగన్నంతో పిల్లి బతకదు. టారిన్ అనే పదార్థం దానికి మాంసాహారం నుంచే అందాలి, అది లేకపోతే చూపు, గుండె దెబ్బతింటాయి. కూనల కోసం తయారైన మేత వాడండి. వంటింటి త్రాసులో రోజూ ఒకే వేళ తూకం వేయండి. రోజుకు 10 నుంచి 15 గ్రాములు పెరగాలి. రెండు రోజులు వరసగా పెరగకపోతే డాక్టర్‌కు చూపించాల్సిందే.

లిట్టర్ ట్రేగా, అంటే మలమూత్రాలకు పెట్టే పెట్టెగా, బట్టలు పెట్టుకునే పెద్ద ప్లాస్టిక్ డబ్బా బాగా పనికొస్తుంది. మూడు పక్కలా 25 నుంచి 30 సెంటీమీటర్ల గోడ ఉంచి, నాలుగో పక్క ఐదు సెంటీమీటర్ల గడప మిగిలేలా కోసి, కోసిన అంచుకు టేపు చుట్టండి. కూన గోడకు ఒరిగి పని కానిస్తుంది. అందులో పోసేందుకు తడిస్తే గడ్డకట్టే లిట్టర్ చిన్న కూనలకు వద్దు, మూతికి అంటుకుని మింగేస్తాయి. కాగితపు గుళికలు, చెక్క గుళికలు మంచివి. నిలబడలేని కూనలను నడుం దగ్గర పట్టుకోవాలి. ఒంటికి మూత్రం అంటితే గోరువెచ్చని నీళ్లతో కడిగి పొడిగా తుడవాలి, లేకపోతే తొడలు ఒరుస్తాయి.

ఫినాయిల్ గురించి గట్టిగా చెప్పాలి. మాటిమాటికీ నేల మీద పడే కూన ఒళ్లంతా ఆ మందు అంటించుకుని నాకుతుంది. చాలా ఫినాయిళ్లలో ఉండే ఫినాల్ రకం రసాయనాలను పిల్లి కాలేయం సరిగా విరచలేదు. పైగా పార్వోవైరస్‌ను ఫినాయిల్ చంపదు. ఆ వైరస్ ఇంట్లో ఏడాది దాకా ఉండగలదు, చెప్పులకు అంటి కూడా వస్తుంది. ముందు సబ్బుతో మురికి పోయేలా కడగాలి. తర్వాత ఇళ్లలో వాడే 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణం ఒక వంతుకు 30 వంతుల నీళ్లు, అంటే లీటరుకు సుమారు 33 మిల్లీలీటర్లు కలిపి, 10 నిమిషాలు తడిగా ఉంచి, మంచినీళ్లతో తుడిచి ఆరనివ్వాలి. కలిపిన నీళ్లు ఏ రోజువి ఆ రోజే. ఇంట్లో వేరే పిల్లులుంటే వాటికి టీకాలు పూర్తయ్యాయో లేదో చూసుకుని, కొత్త కూనను కనీసం రెండు వారాలు వేరే గదిలో ఉంచండి.

లోపం ఉందని టీకాలు ఆపకూడదు. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, 16 వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి ట్రైక్యాట్ (పాన్‌ల్యూకోపీనియాతో సహా మూడు జబ్బులకు కలిపి ఇచ్చే టీకా), 12 వారాలకు రేబిస్. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కూడా చేయించవచ్చు. మత్తు దిగేటప్పుడు మామూలు కంటే ఎక్కువగా కొట్టుకుంటుందని డాక్టర్‌కు ముందే చెప్పి, చుట్టూ దుప్పటి పరిచిన పెట్టె తీసుకెళ్లండి. చిన్న కూనను ఆపరేషన్‌కు ముందు ఎంతసేపు పస్తు ఉంచాలో డాక్టర్‌నే అడగండి, ఎక్కువైతే చక్కెర పడిపోతుంది.

తల్లి పిల్లి కూన దొరికిన వీధిలోనే ఉంటే దాన్నీ పట్టుకుని ఆపరేషన్, టీకాలు చేయించండి. ఒక్క జాగ్రత్త: అది మళ్లీ చూలుతో ఉందేమో ముందే డాక్టర్‌కు చూపించాలి. బతికున్న వైరస్‌తో చేసిన పాన్‌ల్యూకోపీనియా టీకాను చూలు పిల్లికి గానీ, నాలుగు వారాలు నిండని కూనకు గానీ వేస్తే, ఆ టీకా వైరసే చిన్నమెదడును దెబ్బతీయగలదు.